పతకాలు టీవీలో... గడ్డివాములు ఆటస్థలంలో!

ఆమదాలవలస, (మా విలేఖరి): ఒక ధాన్యం బస్తా 80 కిలోలు. ఒక సిమెంటు బస్తా 50 కిలోలు. ఈ రెండింటినీ కలిపి ఒక్కసారిగా తలపైకి ఎత్తి నిలబడగలవారు మన ఊళ్లలో ఎందరున్నారు? బస్తాలు మోసి మోసి భుజాలు కాయలు కాసిన కలాసీలు సైతం ఈ ప్రశ్నకు తల అడ్డంగా వూపుతారు. కాని మన జిల్లాలో పెరిగిన ఒక ఆడపిల్ల ఆ పని చేసింది. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి 69 కిలోల విభాగంలో కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఒలింపిక్స్‌లో స్త్రీలకు బరువులెత్తే పోటీ పెట్టడం కూడా అదే మొదటిసారి కావడం గమనార్హం.

బస్తాలతో చెప్పిన ఈ లెక్క ఈ విలేఖరి సొంతం కాదు. ఈ ప్రాంతంలోని ఒక గ్రామ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు 2024 ఆగస్టులో, పారిస్ ఒలింపిక్స్ జరుగుతున్న రోజులలో, ఏడవ తరగతి పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది. ఆనాడు సిడ్నీలో మొదటి రెండు స్థానాలు పొందిన చైనా, హంగరీ క్రీడాకారిణులు ఇద్దరూ చెరి 242.5 కిలోలే ఎత్తారు. తన శరీర బరువు తక్కువ కావడం వల్ల చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. మల్లీశ్వరికీ వారికీ తేడా రెండున్నర కిలోలు మాత్రమే. ఆమె చివరి ప్రయత్నంగా 137.5 కిలోలు ఎత్తబోయి ఎత్తలేకపోయింది.

ఈ అంకెలు నల్లబల్ల మీద వేయగానే తరగతి రెండుగా చీలిపోయింది. 137.5కు బదులు 135 అడిగి వుంటే మొత్తం 245 అయ్యేది, స్వర్ణం వచ్చేది కదా అని ఒక వర్గం. అడిగినంత మాత్రాన ఎత్తగలమా, అవతలివాళ్లు మాత్రం వూరుకుంటారా అని మరో వర్గం. దశాంశ స్థానాలంటే నోరు మెదపని పిల్లలు ఆ రోజు గంట కొట్టినా లేవలేదు. మరునాడు ఒక విద్యార్థిని ఇంట్లో రెండున్నర కిలోల బియ్యం తూచి సంచిలో వేసి బడికి తెచ్చింది. ఒలింపిక్ స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య వున్న దూరాన్ని పిల్లలందరూ వంతుల వారీగా చేతితో ఎత్తి చూశారు.

ఇంతవరకు బాగానే వున్నది. లెక్క అయిపోయింది, ఇక మైదానంలోకి పోయి ఆడుకోండి అని మాస్టారు చెప్పినప్పుడే చిక్కు వచ్చింది. బడి వెనుక ఆటస్థలం నడిబొడ్డున అయిదు గడ్డివాములు వున్నాయి. మిగిలిన జాగాలో ఒక ట్రాక్టరు తొట్టి, కట్టేసిన పశువులు. పిల్లలు వరండాలోనే నిలబడిపోయారు.

చూసేవారే గాని ఆడేవారేరీ?

పెద్ద పోటీలు జరిగినప్పుడల్లా ఊరూరా టీవీల ముందు, సెల్‌ఫోన్ల ముందు పిల్లలు గుమికూడతారు. పతకం వస్తే మిఠాయిలు పంచుతారు. పది రోజులు తిరిగేసరికి అంతా మరచిపోతారు. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2012లో లండన్ ఒలింపిక్స్‌ను ఒక తరానికి స్ఫూర్తినివ్వాలనే నినాదంతో జరిపారు. అయినప్పటికీ ఆ తరువాత కొద్ది ఏళ్లకే ఇంగ్లండులో ఆటలాడేవారి సంఖ్య తగ్గుముఖం పట్టింది. చూడటం వేరు, ఆడటం వేరు. చూసిన వేడి చల్లారకముందే పిల్లవాడి చేతికి బంతి, కాలికింద జాగా, పక్కన ఒక పెద్దమనిషి వుంటేనే ఆ స్ఫూర్తి నిలుస్తుంది.

అయిదు నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలు రోజుకు సగటున గంట సేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తున్నది. పూర్వం పొలం గట్లు, చెరువు గర్భాలు, వీధి అరుగులే ఆ గంటను ఇచ్చేవి. ఇప్పుడు బడి, ట్యూషను, ఫోను ఆ గంటను మింగేస్తున్నాయని తల్లిదండ్రులే వాపోతున్నారు.

సైకిలు చక్రమే కొలబద్ద

ఖర్చు లేనిదే ఆటలు ఎలా అని కొందరు ప్రశ్నించవచ్చు. పై పాఠశాలలో జరిగిన పని చూస్తే ఆ సందేహం తీరుతుంది. అక్కడ పిల్లలు పాత సైకిలు చక్రానికి ఒకచోట ఎర్ర గుడ్డ కట్టారు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరమో ముందు నేల మీద కొలిచారు. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు వచ్చింది. ఇక చక్రాన్ని దొర్లించుకుంటూ ఎర్ర గుడ్డ ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెట్టడమే. గడ్డివాముల పక్కనుంచి మైదానం పొడవు 45 చుట్లు వచ్చింది. అంటే 99 మీటర్లు. వృత్తం చుట్టుకొలత పాఠం అక్కడే పూర్తయింది.

ఆ 99 మీటర్లు తెలియగానే టీవీలో వినే అంకెలకు ప్రాణం వచ్చింది. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా బల్లెం విసిరి స్వర్ణం గెలిచిన దూరం 87.58 మీటర్లు. ఈ గోడ దగ్గర నిలబడి విసిరితే ఆ గోడకు పదకొండు మీటర్ల ఇవతల పడుతుందన్న మాట. పురుషుల లాంగ్‌జంప్ ప్రపంచ రికార్డు 8.95 మీటర్లు. ఇది 1991లో అమెరికాకు చెందిన మైక్ పావెల్ నెలకొల్పినది. దాదాపు అయిదు నులక మంచాలు పొడవుగా వరుసన పేర్చినంత దూరం. సున్నంతో ఆ గీత గీసి చూపితే పెద్దలు కూడా నోరు వెళ్లబెట్టారు. తరువాత ప్రతి పిల్లవాడూ తాను దూకిన దూరాన్ని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. వారం వారం తన గీతను తానే దాటాలి. పక్కవాడితో పోటీ తరువాతి మాట.

బల్లేనికి బదులు మన ప్రాంతంలో దొరికే ఎండిన గోగు పుల్లనే వాడారు. తేలికగా వుంటుంది, తగిలినా గాయం కాదు. రిలే పరుగుకు జానెడు వెదురు ముక్క. హర్డిల్స్‌కు రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టిన వెదురు బద్ద, తగిలితే పడిపోయేలా.

స్త్రీల 100 మీటర్ల హర్డిల్స్‌లో మంచి లెక్క ఒకటి వున్నది. మొత్తం పది అడ్డంకులు. మొదటిది 13 మీటర్ల దూరాన, ఆపై ఒక్కొక్కదానికీ మధ్య 8.5 మీటర్లు. చివరి అడ్డంకి నుంచి గమ్యం వరకు ఎంత? పది అడ్డంకుల మధ్య ఖాళీలు తొమ్మిదే అని తట్టిన పిల్లలకు 10.5 అని జవాబు వస్తుంది. పది అని గుణించినవారికి రాదు. ఇదే పందెంలో మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లోను, 2025లోను ఆసియా విజేతగా నిలిచింది.

భూగోళ పాఠానికీ ఇదే అదను. 2028 జులై 14న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ ప్రారంభం కావలసి వున్నవి. ఆ నెలలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనుక. అక్కడ సాయంత్రం ఆరుకు జరిగే పందెం మనకు ఏ రోజు, ఎన్ని గంటలకు కనబడుతుంది? ఎందుకలా? ఒక బత్తాయి పండు, ఒక టార్చిలైటు వుంటే ఎనిమిదేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు.

‘ఆడగుంటకి పరుగులేటే?’

మైదానంలో కొద్దిగా జాగా చేసుకుని పిల్లలు పరుగులు మొదలుపెట్టిన తరువాత మరో అడ్డంకి ఎదురైంది. ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. బియ్యం తూచి తెచ్చిన విద్యార్థిని కూడా వారిలో వున్నది. ఆమె ఇంటి అరుగు మీద మామ్మను అడిగితే జవాబు సూటిగా వచ్చింది.

“ఎదిగిన ఆడగుంటకి పరుగులేటి బాబూ? నలుగురూ ఏటనుకుంటారు?”

గుమ్మంలోంచి మనుమరాలు అందుకున్నది. “మల్లీశ్వరి కూడా ఆడగుంటే కదా మామ్మా!”

మామ్మ ఏమీ అనలేదు. చేట కింద పెట్టి, ఆ మల్లీశ్వరి అమ్మ ఏమన్నదో అని మాత్రం గొణుక్కున్నది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. మల్లీశ్వరి ఇంట్లో ఆమె ఒక్కతే కాదు, అక్కచెల్లెళ్లు కూడా బరువులెత్తారు. ఇంటివారు వెనుక నిలబడకపోతే 1994, 1995 సంవత్సరాలలో ఆమె ప్రపంచ విజేత అయ్యేదా? కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి 2025 నవంబరు 2న నవీ ముంబైలో మహిళల ప్రపంచ కప్పు గెలిచిన భారత క్రికెట్ జట్టులో వున్నది. ఆ పోటీలలో ఆమె 14 వికెట్లు తీసింది. వరంగల్లు జిల్లా కళ్లెడకు చెందిన కూలివారి బిడ్డ దీప్తి జీవాంజి సంగతి మరీ చెప్పుకోదగినది. ఎదుగుదలలో వెనుకబడిందని చిన్నప్పుడు ఎగతాళికి గురైన ఆ అమ్మాయి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చింది. మన బడులలోనూ మూల కూర్చునే అటువంటి పిల్లలు వున్నారు. వారినీ గీత దగ్గరకు పిలవాలి.

ఆ పాఠశాలలో ఒక ఉపాధ్యాయురాలు ముందుకు వచ్చి, ఆడపిల్లలకు బడి గంటలలోనే, చివరి పీరియడులో ఆట పెట్టారు. చీకటి పడకముందే ఇల్లు చేరతారని తెలిసి తల్లులు ఒప్పుకున్నారు. మానేసినవారిలో ఎక్కువ మంది తిరిగి వచ్చారు. మామ్మ గారి మనుమరాలు కూడా వచ్చింది.

మన చెడుగుడు తక్కువదా?

పెద్ద పోటీలంటే విదేశీ ఆటలే కానక్కరలేదు. మన చెడుగుడును 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా ప్రదర్శించారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీ పేరిట పతకాల ఆట అయింది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచ కప్పు జరగగా భారత పురుషుల, మహిళల జట్లు రెండూ గెలిచాయి. ఈ రెండు ఆటలకూ కావలసింది కాస్త మెత్తటి నేల, నాలుగు గీతలు. కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం కూడా ఈ ఉత్తరాంధ్రలోనిదే.

అయితే ఉత్సాహంలో జాగ్రత్త మరువరాదు. మల్లీశ్వరి పేరు చెప్పి చిన్నపిల్లల చేత బస్తాలు ఎత్తించడం కూడదు. ఆమె కూడా నీలంశెట్టి అప్పన్న వంటి శిక్షకుని దగ్గర నేర్చుకున్నదే. మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగులు వద్దు. కుండనిండా మంచినీళ్లు పక్కన వుండాలి. ఓడినవాణ్ణి ఎగతాళి చేస్తే వాడు మళ్లీ మైదానం గడప తొక్కడు.

కొలత తీర్చిన తగవు

ఇక గడ్డివాముల సంగతి. రైతులను తప్పుపట్టడం తేలిక. కాని పశువుల మేత ఏడాది పొడుగునా నిలవ వుండాలి. ఇళ్ల మధ్య జాగాలు కరువయ్యాయి. పెరడులేని రైతు గడ్డి ఎక్కడ వేయాలి? మరోవైపు, 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి వుండాలి. రెండు పక్కలా న్యాయం వున్నది.

ఈ తగవును చట్టం పుస్తకం చూపి తీర్చలేదు. పిల్లలే సైకిలు చక్రంతో మైదానమంతా కొలిచి పటం గీశారు. అయిదు వాములూ తూర్పు గోడ వారగా వరుసన వేస్తే, పడమటి వైపు 60 మీటర్ల పరుగు బాట, ఒక ఖోఖో కోర్టు పడతాయని అందులో చూపించారు. ఆ పటం పట్టుకుని మాస్టారు, పిల్లలు రచ్చబండ దగ్గరకు వెళ్లారు. వానలలో వాము విప్పితే గడ్డి కుళ్లిపోతుందని, కోతలయ్యాక కొత్త గడ్డిని తూర్పు వైపే వేస్తామని పెద్దలు మాట ఇచ్చారు.

కోతలయ్యాయి. మూడు వాములు మాట ప్రకారం తూర్పు గోడకు చేరాయి. రెండు మాత్రం నడిమధ్యనే వున్నాయి. ఆ రైతులకూ ఆ బడిలో చదివే పిల్లలు వున్నారు. పిల్లలు పరుగు బాటకు సున్నం గీత గీశారు. అది 38 మీటర్లు వచ్చి ఒక గడ్డివాము దగ్గర ఆగిపోయింది.

మిగిలిన 22 మీటర్లు ఆ గ్రామ పెద్దల చేతిలో వున్నవి. జిల్లాలో ఇటువంటి మైదానాలు మరెన్నో. ఏటా ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, జాతీయ క్రీడా దినోత్సవం జరుపుతారు. ఆ రోజున ఉపన్యాసాలకు బదులు పంచాయతీ పెద్దలు, తల్లిదండ్రుల కమిటీలు తమ బడి ఆటస్థలాన్ని ఒక్కసారి కొలిపించి చూడాలని, లాస్ ఏంజెలెస్ దాకా ఆగకుండా ఈ ఏడే గీతలు గీయించాలని పలువురు ఉపాధ్యాయులు కోరుతున్నారు. కొలవడానికి ఒక పాత సైకిలు చక్రం చాలు.