పారాచూట్ లేకుండా దూకినవాడు

2016 జూలై 30న కాలిఫోర్నియాలోని సిమి వ్యాలీలో ల్యూక్ ఎయికిన్స్ 25,000 అడుగుల ఎత్తు నుంచి పారాచూట్ లేకుండానే దూకాడు. పట్టుకోవడానికి కింద ఉన్నది వంద అడుగుల పొడవు, అంతే వెడల్పున్న వల ఒక్కటే. దీన్ని పిచ్చి సాహసం అన్నవాళ్లున్నారు. కానీ అప్పటికే ఆయన దాదాపు 18,000 సార్లు దూకినవాడు, తాతల నాటి నుంచీ ఇదే పనిలో ఉన్న ఇంటివాడు. రెండు నిమిషాలు గాలిలో దిశ సరిచేసుకుంటూ వచ్చి, చివరి క్షణంలో వెల్లకిలా తిరిగి వీపుతో వలలో పడ్డాడు. బోర్లా పడితే నడుము విరిగే ప్రమాదం ఉంది కాబట్టే ఆ మలుపు. అది అదృష్టం చేసే పని కాదు.

మరి 2022 సంగతేమిటని అడగవచ్చు. అరిజోనాలో ఎయికిన్స్, మరో పైలట్ గాల్లోనే ఒకరి విమానంలోకి ఒకరు మారే ప్రయత్నం చేయగా ఒక విమానం కూలింది. అనుమతి నిరాకరించినా ఎగిరినందుకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎయికిన్స్ పైలట్ లైసెన్సు రద్దు చేసింది. ఆ శిక్ష న్యాయమైనదే. కింద ఉన్నవాళ్ల ప్రాణాలను పందెం కాసే హక్కు ఎంతటి నిపుణుడికీ లేదు.