‘తోకచుక్క’ ప్రతి ఎక్కడ లభిస్తుంది?

బిర్సా ముండా పేరు ధరించిన జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు తెలుగు పుస్తకం సులభంగా లభించదు. మంత్రతంత్రాల కథలైతే మరీ అరుదు. అయినను వాటిపై చర్చకు మాత్రం కొదువ లేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి పన్నెండు భాగాల ‘కాశీమజిలీ కథలు’ సాటిలేనివని పెద్దల అభిప్రాయం. 1947 జూలైలో ఆరంభమైన ‘చందమామ’ ధారావాహికలే మిన్న అని తరువాతి తరంవారి వాదన. కథలో కథ అల్లే నేర్పు మొదటిదానిది, నెలనెలా ఉత్కంఠ నిలిపే నేర్పు రెండవదానిది అని మేము భావిస్తున్నాము.

‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘పాతాళదుర్గం’ రచించినది దాసరి సుబ్రహ్మణ్యంగారు. పత్రికలో ఆ ధారావాహికలకు రచయిత పేరు ముద్రించేవారు కారు. కనుక గ్రంథాలయాలలో పాత సంచికలను రచయిత పేరుతో గాక, నెల, సంవత్సరం తెలిపి అడగడం మేలు. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు ప్రసిద్ధి. సెలవులలో ఆ ప్రాంతానికి వెళ్ళే సోదర ఉద్యోగులు అక్కడ విచారించవచ్చును.

‘చందమామ’ ఇప్పుడు వెలువడడం లేదు. ఇంట మిగిలిన సంచికలను తూకానికి అమ్మవద్దని మా మనవి. పరరాష్ట్రంలో తెలుగు లిపి నేర్వని మన పిల్లలకు వాటిని చదివి వినిపించండి. రక్తికట్టిన ఘట్టంలో ఆపండి. మిగిలిన కథ కోసమైనా వారు అక్షరాలు నేర్చుకొంటారు.