పరదేశ విద్యకై రైతు చేయు అప్పు: ఉపకార వేతనమును ఏ పద్దున వ్రాయవలెను?

గత వర్షకాలమున మేమొక గ్రామమున వరినారు వరుసలలో నాటించుచుండగా గట్టుమీద ఒక రైతు చాలసేపు నిలిచియుండెను. పని ముగియువఱకు ఆయన యేమియు మాటాడలేదు. కూలీలు మధ్యాహ్నపు అన్నమునకు లేచిన పిమ్మట దగ్గఱకు వచ్చి, జేబులోనుండి మడతపెట్టిన కాగితమొకటి తీసి మా చేతికిచ్చెను. అది ఆయన కుమారునికి జపాను దేశమునుండి వచ్చిన ప్రవేశపత్రము.

"అయ్యా, అక్కడికి పోయిన పిల్లలకు నెలనెలా ఉపకార వేతనము వచ్చునని పట్నములో ఏజెంటు చెప్పినాడు. ఉన్న నాలుగెకరములలో మూడు తాకట్టు పెట్టి వానిని పంపుదునని తలచుచున్నాను. ఆ వేతనముతో రెండు మూడేండ్లలో అప్పు తీరిపోవునుగదా? మీరు చదువుకొన్నవారు. సరియని ఒక్కమాట యన్నచో రేపే కాగితములు వ్రాయింతును" అని యాయన యడిగెను.

ఆ యొక్కమాట మేము వెంటనే యనలేదు. దానికి కారణము కలదు. కొన్ని యేండ్లకు పూర్వము వేఱొక గ్రామమున ఇట్టి ప్రశ్ననే మఱియొక రైతు మమ్మడిగియుండెను. అప్పుడు మేము లెక్క చూడకయే "చదువునకు పెట్టిన సొమ్ము ఎక్కడికి పోవును? పంపుడు" అంటిమి. కుఱ్ఱవాడు బుద్ధిమంతుడే, చదువు పూర్తిచేసెను. కాని ఎదురుచూచిన వేతనము రాలేదు. ఉద్యోగము దొరకుట ఆలస్యమయ్యెను. వడ్డీ మాత్రము ఒక్కనెలయు ఆగలేదు. నేడా పొలమును వేఱొకరు దున్నుకొనుచున్నారు. మొలకశాతము చూడక విత్తనము చల్లవలదని ఊరూర చెప్పు మేము, ఆనాడు ఆ మాత్రపు పరీక్షయైన చేయకుండ సలహా యిచ్చితిమి. ఆ తప్పు మాది. కావున ఈ మాసము ఎరువుల సంగతి ప్రక్కనుంచి, ఈ విషయమునే సంఘ సభ్యులయెదుట పెట్టుచున్నాము.

స్వంత ఖర్చు అనగా నేమి?

పరదేశములకు పోవు విద్యార్థులు రెండు విధములవారు. ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో మొదటినుండియు ఖర్చు భరించుటకు ఒప్పుకొని పిలుచుకొనువారు కొందఱు. తమ సొమ్ముతో పోవువారు తక్కినవారు. ఈ రెండవవారినే స్వంత ఖర్చు విద్యార్థులందురు. రైతుబిడ్డ విషయమున ఆ స్వంత ఖర్చు పొలమునుండియే రావలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. బాకీపడినవారి హామీ ఆస్తిని కోర్టుకు పోకయే స్వాధీనపఱచుకొనుటకు బ్యాంకులకు అధికారమిచ్చిన 2002 నాటి కేంద్రచట్టము, తన 31వ సెక్షనులో వ్యవసాయ భూమిని మినహాయించినది. ఇది రైతును కాపాడు నిబంధనయే. కాని దాని ఫలితముగా పెద్ద విద్యాఋణములకు బ్యాంకులు పట్టణములోని యిల్లో స్థలమో హామీగా కోరునుగాని, పొలమును సాధారణముగ అంగీకరింపవు. అందుచే రైతు నూటికి నెలకు రెండురూపాయల వడ్డీకిచ్చు వారివద్దకు పోవుచున్నాడు. ఆ వడ్డీ చొప్పున పది లక్షల అప్పునకు నెలకు 20,000 రూపాయలు, సంవత్సరమునకు 2,40,000 రూపాయలు కట్టవలయును. అసలులో ఒక్క రూపాయియు తగ్గదు.

జపానులోని పద్ధతి

ఏజెంటు చెప్పిన వేతనము అబద్ధము కాదు. జపానులో స్వంత ఖర్చుతో చదువు విదేశీయులకు ప్రోత్సాహక వేతనము నిజముగానే కలదు. 2004లో ఏర్పడిన జపాను విద్యార్థి సేవాసంస్థ దీనిని నడుపుచున్నది. విశ్వవిద్యాలయములలోని వారికి నెలకు 48,000 యెన్‌లు, జపానుభాష నేర్పు పాఠశాలలలోని వారికి నెలకు 30,000 యెన్‌లు ఇచ్చుట వాడుక.

అయితే షరతులు చూడవలెను. విద్యార్థి తనంతతాను కోరినచో చాలదు. చేరిన విద్యాలయము అతనిని సిఫారసు చేయవలెను. గడచిన యేటి చదువులో సగటు గుణము మూడింట 2.30కి తగ్గరాదు. బోధన రుసుము గాక, ఇంటినుండి వచ్చు సొమ్ము నెలకు సగటున 90,000 యెన్‌లకు మించరాదు. వేతనము ఆఱు మాసములకో సంవత్సరమునకో యిత్తురుగాని చదువు ముగియువఱకు ఇత్తుమని మాట ఇయ్యరు. విదేశీయుల ప్రవేశమునకై జపాను జరపు పరీక్షలో మంచి గుణములు తెచ్చుకొన్నవారికి ముందుగా వేతనమును నిలిపియుంచు ఏర్పాటు ఒకటి కలదు. మిగిలినవారు అచ్చట చేరిన పిదపనే ప్రయత్నింపవలెను.

మేము ఆ రైతు తెచ్చిన ప్రవేశపత్రమును మరల చదివితిమి. అది విశ్వవిద్యాలయముది కాదు, భాషాపాఠశాలది. అనగా అన్నియు అనుకూలించినను వచ్చునది నెలకు 30,000 యెన్‌లు. ఇటీవలి మారకపు ధరలో రమారమి 17,000 రూపాయలు. ఆయన పది లక్షలు తేదలచెను. దాని వడ్డీయే 20,000. బాలుడు ఒక్కపూటయు తినక మొత్తము పంపినను వడ్డీకి మూడువేలు తక్కువ పడును.

ఇతర దేశములలో

జర్మనీలో 2011 నుండి ఒక వేతనము అమలులోనున్నది. నెలకు 300 యూరోలు. అందు సగము కేంద్ర ప్రభుత్వమును, సగము వర్తకసంస్థలు, దాతలు మొదలగువారును ఇత్తురు. తండ్రి ఆదాయమునుగాని పుట్టిన దేశమునుగాని చూడరు. చదువును, నడవడిని, పరులకు చేసిన సేవను చూతురు. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవఱకు బోధన రుసుము లేదు. కాని విద్యార్థి వీసా కొఱకు ఏడాది జీవనవ్యయమును ముందే బ్యాంకులో చూపవలయును. 2024 సెప్టెంబరునుండి ఆ మొత్తము 11,904 యూరోలు. అనగా నెలకు 992. మూడువందల వేతనము వచ్చినను అందులో మూడవవంతు కాదు.

అమెరికాలో విశ్వవిద్యాలయముల సహాయక ఉద్యోగములు కలవు. బోధనలోనో పరిశోధనలోనో సాయపడినందుకు రుసుము మాఫీయు, నెలజీతమును ఇత్తురు. కాని వానిలో ఎక్కువ భాగము డాక్టరు పట్టమునకు చదువువారికే దక్కును. మనవారిలో ఎక్కువమంది చేరు మాస్టర్సు తరగతులవారు చాలవఱకు స్వంత ఖర్చుమీదనే చదువుదురు.

చైనా ప్రభుత్వము చేసిన పని వేఱు. తమ ఖర్చుతో పరదేశములకు పోయి డాక్టరు పట్టమునకు చదువుచు ప్రతిభ చూపిన స్వదేశీయులకే 2003 నుండి ఒక బహుమానమును ఏర్పఱచినది. తన సొమ్ముతో పోయినవాడును దేశపు బిడ్డయే యను భావము అందున్నది. కాని అదియు పరిశోధనలో పేరు తెచ్చుకొన్న పిమ్మట వచ్చునదే.

ఈ వేతనములన్నిటియందును ఒక లక్షణము సమానము. అవి చదువుచున్నవానికి కొంత యూరట కలిగించుటకు ఏర్పడినవి. పయనమైన నాటి యప్పును తీర్చుటకు ఏర్పడినవి కావు.

మన దేశమున దొరకు సాయము

ముందుగా విచారింపవలసినవి మన ప్రభుత్వముల పథకములు. 1950ల మధ్యనుండి నడుచుచున్న జాతీయ విదేశ విద్యార్థివేతనము రుసుమును, జీవనవ్యయమును, ప్రయాణపు ఖర్చును భరించును. షెడ్యూల్డు కులములవారితోపాటు భూమిలేని వ్యవసాయ కూలీల బిడ్డలకును ఇందు అర్హత కలదని మన గ్రామములలో చాలమందికి తెలియదు. తెలంగాణలో అంబేడ్కరు పేరిటను, మహాత్మా జ్యోతిబా ఫులే పేరిటను గల విదేశ విద్యానిధులు అర్హులైన విద్యార్థులకు 20 లక్షల రూపాయలవఱకు సాయము చేయుటకై పెట్టబడినవి. ఇందును గమనింపవలసినది యొకటి కలదు: మొదటి వాయిదా పరదేశమున దిగినట్లు ఋజువు చూపిన పిమ్మటను, రెండవది మొదటి అర్ధసంవత్సరపు ఫలితములు చూపిన పిమ్మటను ఇచ్చు పద్ధతి. విమానపు టిక్కెట్టు నాటికి చేతిలో సొమ్ము వేఱుగా నుండవలయును.

తెలుగువారిలో ఈ త్రోవను నడచినవారు నూఱేండ్లకు పూర్వమే కలరు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి మద్దతుతోను అమెరికాకు పోయిరి. హార్వర్డులో చదువుచు, జీవనమునకై ఆసుపత్రిలో చిన్న కూలిపని చేసిరి. 1930లో డాక్టరు పట్టము పొందిరి. మన పల్లెలలో బోదకాలు వ్యాధికి పంచు మాత్ర ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనల ఫలము. బంధువుల చేయూతయు, ఊరి ధర్మనిధియు కలియకున్న ఆయన ఓడ యెక్కుటయే కష్టమయ్యెడిది. చదువునకు వెనుకాడవలదు. కాని ఆ భారము ఒక్క కుటుంబపు పొలముమీదనే పడనీయరాదు.

చూడవలసిన లెక్క

మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కల పంతులుగారు పలకమీద నిలువుగీత గీయించి, ఎడమవైపున "చేతికి వచ్చినది" అనియు, కుడివైపున "వచ్చునని చెప్పినది" అనియు వ్రాయించెడివారు. మొత్తము వేయునపుడు కుడివైపును అరచేతితో కప్పుకొనుడని చెప్పెడివారు. రైతు సోదరులు ఉపకార వేతనమును ఆ కుడివైపున వ్రాసికొనవలెనని మా మనవి.

అప్పు చేయుటకు ముందు ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము కాగితముపై నుండవలెను. ప్రవేశము విశ్వవిద్యాలయమునకా, భాషాపాఠశాలకా? వేతనము మంజూరైనట్లు విద్యాలయమే వ్రాసిన పత్రమున్నదా, లేక ఏజెంటు నోటిమాటయేనా? ఎన్ని నెలలకు? వేతనము అసలే రాకున్న వడ్డీ ఏ పంటనుండి కట్టుదుము? ఆ పంట ఒక యేడు పోయినచో నేమి చేయుదుము? కడపటి రెండు ప్రశ్నలకు జవాబు లేనిచో ఆ యేడు తాకట్టు వ్రాయవలదు. ఒక సంవత్సరము ఆగి పరీక్షకు చదువుకొన్నచో ప్రవేశము మరల దొరకును. అమ్ముడుపోయిన పొలము మరల దొరకుట యరుదు.

సంఘమునకును ఒక సూచన. జర్మనీలో సగము ప్రభుత్వము, సగము దాతలు కలిసి ఇచ్చునట్లు, మన సంఘమును నిబంధనలకు లోబడి సర్వసభ్య సమావేశ తీర్మానముతో చిన్న విద్యానిధిని ఏర్పఱచి, సభ్యుల చందాకు తన భాగమును కలుపవచ్చును. మొదట అది పరీక్ష రుసుములకును, దరఖాస్తు ఖర్చులకును సరిపోయినను మేలే.

గట్టుమీద మమ్మడిగిన రైతు ఈ లెక్క విని చాలసేపు మాటాడలేదు. పిదప "వానికి నేనెట్లు చెప్పుదును?" అనెను. ఆ సాయంకాలము మేమును ఆయనతో ఇంటికి పోయితిమి. కుఱ్ఱవాడు మామీద కోపించెను. అతని కోపము న్యాయమే. తోడివారు పోవుచుండ తానొక్కడు ఆగవలసివచ్చెను. ఇప్పుడతడు జపానుభాష ఇంటివద్దనుండియే నేర్చుకొనుచు, విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు చదువుచున్నాడు. మమ్ము చూచిన ఇంకను ముభావముగనే నమస్కరించుచున్నాడు. ఆ మూడెకరములలో ఈ యేడు వారి వరియే పండినది.

ఇట్టి ప్రవేశపత్రములు గల సభ్యులు వచ్చు సంఘ సమావేశదినమున వానిని వెంట తెచ్చినయెడల మేము కూర్చుండి చదివి పెట్టుదుము.