53 సెకన్ల నుంచి 32 గంటల దాకా

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నాయి. వాటిలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు లంకల మధ్య లోగన్‌ఎయిర్ సంస్థ 1967లో విమానం మొదలుపెట్టింది. దూరం 2.7 కిలోమీటర్లు. మన శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే ఒక్కటే 4.26 కిలోమీటర్లు ఉంటుంది! ప్రపంచంలోకెల్లా అతి తక్కువ దూరం నడిచే విమాన సర్వీసు ఇదే. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలని ఉన్నా, గాలి కలిసొస్తే నిమిషంలోపే దిగిపోతుంది. రికార్డు 53 సెకన్లు. ఎనిమిది మంది పట్టే బుల్లి విమానం, పైలట్‌కూ ప్రయాణికులకూ మధ్య తలుపు కూడా ఉండదు. చూడ్డానికి వెళ్లినవాళ్లకు వింత గానీ, పాఠాలు చెప్పడానికి వచ్చే టీచర్లకు అది రోజువారీ ప్రయాణం.

అతి పొడవైన రెగ్యులర్ సర్వీసు సింగపూర్, న్యూయార్క్‌ల మధ్యది. 15,300 కిలోమీటర్ల పైమాటే, 18 గంటలకు పైగా ప్రయాణం. ఆ విమానంలో మామూలు ఎకానమీ సీట్లే లేవు, మొత్తం సీట్లు 161.

కిలోమీటర్లు తెలిస్తే టైము తెలిసిపోతుందనుకుంటాం. పైన గాలి ఒప్పుకోవాలి కదా! 2020 ఫిబ్రవరి 9న లండన్‌లో దిగిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఒకటి న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లోనే వచ్చేసింది. మామూలుగా ఆరు గంటలకు పైనే పడుతుంది. పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి తుపాను వల్ల మరింత బలపడి విమానాన్ని వెనక నుంచి నెట్టింది. నేల మీద లెక్కేస్తే వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ధ్వని వేగాన్ని మించలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి కూడా దాంతోపాటే పరిగెత్తుతోంది.

దారి కూడా మనం అనుకున్నట్టు ఉండదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా తొలి నాన్‌స్టాప్ విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చింది నలుగురూ మహిళా పైలట్లే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివాని మన్హాస్. గోడ మీది మ్యాపులో అది చుట్టుదారిలా కనిపిస్తుంది. గ్లోబు మీద దారం పట్టి చూడండి, దగ్గరిదారి అటే!

నా మటుకు నాకు వీటన్నిటికన్నా గొప్పది రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ప్రయాణం. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో ఆస్ట్రేలియాకు బ్రిటన్‌తో విమాన దారి తెగిపోయింది. మరుసటి ఏడాది నుంచి ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ వాళ్లు పెర్త్ నుంచి సిలోన్ (ఇప్పటి శ్రీలంక)లోని కొగ్గల సరస్సు దాకా, నీటి మీద దిగే కాటలీనా విమానాలు నడిపారు. దాదాపు 5,600 కిలోమీటర్లు, ఎక్కడా ఆగేది లేదు. నిండా పెట్రోలే కాబట్టి ముగ్గురు ప్రయాణికులకు, కాసిని ఉత్తరాలకు మాత్రమే చోటు. శత్రువు వింటాడని రేడియో మూసేసి, నక్షత్రాలను చూసి దారి పట్టేవారు. ఒక్క ప్రయాణంలోనే రెండు సూర్యోదయాలు చూసేవారు గనక ఆ సర్వీసుకు ‘డబుల్ సన్‌రైజ్’ అని పేరు. అత్యధికంగా 32 గంటల 9 నిమిషాలు పట్టింది. అలా 271 సార్లు సముద్రం దాటారు, ఒక్క విమానమూ పోలేదు.