కళాయి గిన్నె నుంచి కలంకారీ దాకా...

ఫ్రాన్స్ అనగానే మనకు ఈఫిల్ టవరూ, అత్తరు సీసాలూ, ఫ్యాషన్ షోలూ గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఇల్లు సర్దుకోవడమంటే ఇష్టమున్న ఆడవాళ్లకి ఆ దేశంలో చూడాల్సింది వేరే ఉంది. పాత సామాన్ల సంతలు, నూరేళ్ల నాటి వంటిళ్లు, రెండొందల ఏళ్ల కిందటి పూల గుడ్డలు! పారిస్ దగ్గర ఉంటున్న మా ఆడపడుచు పిలిస్తే వెళ్లి నెల్లాళ్లు ఉండి వచ్చాను. కొన్నది తక్కువే. చూసింది మాత్రం చాలానే.

అటక ఖాళీ చేసే పండగ

పాత సామాను అమ్మడంలో కూడా ఫ్రెంచివాళ్లకి అంతస్తులున్నాయి. అన్నిటికన్నా కింది మెట్టు 'వీద్ గ్రెనియే'. అంటే అటక ఖాళీ చేయడం అన్నమాట. ఏదో ఒక ఆదివారం ఊళ్లో జనమంతా తమ ఇళ్లలో అక్కర్లేని వస్తువులు తెచ్చి వీధిలో బల్లల మీద పరుస్తారు. దాని పై మెట్టు 'బ్రోకాంత్'. అక్కడ అమ్మేది పాత సామాను వ్యాపారమే వృత్తిగా ఉన్నవాళ్లు. అన్నిటికన్నా పైన 'ఆంతికేర్'. వస్తువు ఏ కాలానిదో, ఎవరి చేతి పనో చెప్పి అమ్మే పెద్ద దుకాణదారు. ధర కూడా మెట్టు మెట్టుకీ పెరుగుతుందని వేరే చెప్పక్కర్లేదు కదా!

పారిస్‌లో అన్నిటికన్నా పెద్ద పాత సామాన్ల బజారు ఊరికి ఉత్తరాన సెంతువెన్‌లో ఉంది. దాని పుట్టుక వెనుక ఓ చిత్రమైన కథ ఉంది. 1883లో పారిస్ పాలనాధికారి యూజీన్ పుబెల్ ప్రతి ఇంటి ముందూ మూత ఉన్న చెత్తడబ్బా పెట్టాలని ఉత్తర్వు వేశాడు. రాత్రిళ్లు వీధుల్లో చెత్త ఏరుకుని బతికే పేదల కడుపు మీద కొట్టినట్టయింది. అలాంటివాళ్లు చాలామంది కోటగోడ బయటికి చేరి, దొరికిన పాతవి అక్కడే పరిచి అమ్మడం మొదలెట్టారు. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి బజారైంది. అన్నట్టు, ఫ్రెంచి భాషలో చెత్తబుట్టని ఇప్పటికీ 'పుబెల్' అనే అంటారు. పాపం, అంత పెద్ద అధికారికి దక్కిన చిరస్మరణ అది!

బజారు మొత్తం ఒక్కటి కాదు. లోపల చాలా బజార్లున్నాయి. వెర్నెజోఁ అనేది 1920లో వెలిసింది. సన్నటి సందుల్లో గుండీలు, లేసులు, పూసలు, పాత పోస్టుకార్డులు అమ్ముతారు. పోల్ బెర్, సెర్పెత్ బజార్లలోనేమో ఖరీదైన కుర్చీలు, షాండిలియర్లు. "వదినా, ఇక్కడ ఊరికే చూద్దాం, ధర మాత్రం అడక్కు" అని మా ఆడపడుచు ముందే చెప్పింది.

జాడీలు, దుప్పట్లు, రాగి గిన్నెలు

నేను ఎక్కువసేపు నిలబడింది వంటసామాను దగ్గరే. గోడకి వరసగా వేలాడదీసిన రాగి గిన్నెలు. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. లోపలివైపు తెల్లగా మెరుస్తున్నాయి. చూడగానే తెలిసిపోయింది, అది తగరం పూత. మన కళాయే! అక్కడ కూడా ఆ పూత అరిగితే మళ్లీ వేయించుకోవాలట. ఆ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారట. మా చిన్నప్పుడు "కళాయి పూస్తాం" అని వీధిలో కేక వినిపిస్తే అమ్మ ఇత్తడి గిన్నెలన్నీ బయట పెట్టేది. ఇప్పుడు ఆ కేక విని ఎన్నేళ్లయింది?

ఇంకోచోట పసుపుపచ్చ మెరుగు ఉన్న మట్టి జాడీలు. పైసగానికే మెరుగు, కింద ఉత్త మట్టే. బాతు మాంసాన్ని కొవ్వులో ఉడికించి వీటిలో నిలవ చేసేవారట. మన ఆవకాయ జాడీల్లాంటివే. నిలవ ఉండేది మనకి నూనెలో, వాళ్లకి కొవ్వులో. ఇప్పుడవి పూలకుండీలుగా మారి డ్రాయింగు రూముల్లో కూచున్నాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించినవి దుప్పట్లు. మందపాటి నార దుప్పట్లు, మూలన ఎర్ర దారంతో రెండేసి అక్షరాలు. పూర్వం అక్కడి ఆడపిల్లలు పెళ్లికి ముందే తమ సారె బట్టలు తామే కుట్టుకునేవారు. దుప్పట్లు, తువ్వాళ్లు, బల్లగుడ్డలు డజన్ల లెక్కన తయారుచేసి, ప్రతిదాని మీదా పేరు అక్షరాలు కుట్టి బీరువా నింపుకునేవారు. కొన్నయితే మడతలు కూడా విప్పినట్టు లేవు. ఆ అక్షరాల పిల్ల ఎవరో, ఎలా బతికిందో అమ్మేవాడికీ తెలీదు, కొనేవాళ్లకీ తెలీదు. బరువెక్కువని తెలిసినా ఒక తువ్వాలు కొన్నాను.

ఇళ్లు చెప్పే కథలు

ఫ్రాన్స్‌లో రాజభవనాలకేం కొదవలేదు. వెర్సాయ్ చూసి కళ్లు తిరగనివాళ్లుండరు. కానీ విప్లవం తర్వాత 1793-94లో అక్కడి సామాను వేలం వేశారు. దాదాపు ఏడాది పాటు సాగిన ఆ వేలంలో రాజుగారి బల్లలూ కుర్చీలూ ఎక్కడెక్కడికో పోయాయి. అలా చెదిరిపోయిన వైభవాన్ని మళ్లీ ఏరి కూర్చాలనుకున్న ఒకాయన ఇల్లు పారిస్‌లో మోన్సో పార్కు పక్కన ఉంది.

ఆయన పేరు మొయీజ్ ద కామోందో. ఇస్తాంబుల్ నుంచి వచ్చిన యూదు బ్యాంకరు. పద్దెనిమిదో శతాబ్దపు వస్తువులంటే ప్రాణం. వాటి కోసమే 1911-14 మధ్య ఇల్లు కట్టించాడు. పక్షుల బొమ్మలున్న పింగాణీ పళ్లేల కోసం ఒక గది. ఒంటరిగా ఉన్నప్పుడు అక్కడే భోంచేసేవాడట. కింద వంటింట్లో భారీ ఇనప పొయ్యి, తెల్ల పలకల గోడలు, రాగి గిన్నెల బారు. పనివాళ్లు భోంచేసే గది కూడా అలాగే ఉంది. ఆ వంటిల్లు చూశాక "మేడ కన్నా ఇదే బాగుంది" అనుకోని ఇల్లాలు ఉండదు.

ఇదంతా కొడుకు నిసీమ్‌కి ఇద్దామనుకున్నాడు. ఆ అబ్బాయి మొదటి ప్రపంచ యుద్ధంలో వైమానికుడిగా 1917లో చనిపోయాడు. తండ్రి ఇంటిని కొడుకు పేరుతో దేశానికి రాసిచ్చేశాడు. ఏ వస్తువూ కదపకూడదని షరతు పెట్టాడు. ఆయన 1935లో పోయారు, మరుసటేడు మ్యూజియం తెరిచారు. ఆ తర్వాతి కథ ఇంకా ఘోరం. కూతురు బెయాట్రిస్‌నీ, అల్లుడినీ, ఇద్దరు మనవల్నీ రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుకుని ఆష్‌విట్జ్ శిబిరానికి పంపారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఫ్రాన్స్‌కి అంత ఇచ్చిన కుటుంబాన్ని ఫ్రాన్స్ కాపాడలేకపోయింది. పళ్లేలు పగలకుండా ఉన్నాయి, వాటిలో తినాల్సిన వంశమే లేకుండా పోయింది.

మనసు తేలిక చేసుకోవడానికి జీవెర్నీ వెళ్లాం. చిత్రకారుడు క్లోద్ మోనే 1883 నుంచి 1926లో చనిపోయేదాకా ఉన్న ఇల్లది. తామరల కొలను అందరికీ తెలిసిందే. నాకు నచ్చింది లోపలి రంగులు. భోజనాల గది అంతా పసుపు. గోడలూ, అల్మరాలూ, కుర్చీలూ అన్నీ పసుపే. పక్కనే వంటిల్లు నీలి పలకలతో ఉంటుంది. పసుపు గదిలోంచి తలుపు తీస్తే నీలం కనిపిస్తుంది. దీనికి పెద్ద ఖర్చేం లేదు, ఆలోచనే! మన రెండు గదుల ఇంట్లోనూ ఒక గదిలోంచి చూస్తే పక్క గది ఎలా కనిపిస్తుందో ఆలోచించి సున్నం వేయించుకోవచ్చు.

షెనోన్సో కోటని 'ఆడవాళ్ల కోట' అంటారు. షేర్ నది మీద వంతెనలా నిలబడి ఉంటుంది. దియాన్ ద పువాత్యే వంతెన కట్టించింది, కాత్రీన్ ద మెదిసీ దాని మీద మేడ లేపింది. విప్లవ కాలంలో లూయీజ్ దుపేఁ అనే పెద్దావిడ దాన్ని కాపాడుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పొడవాటి హాలే ఆసుపత్రి అయింది. వంటిళ్లు నదిలో ఉన్న వంతెన స్తంభాల లోపల ఉన్నాయంటే నమ్ముతారా?

రాజు నిషేధించిన మన పూలు

ఇక అసలు సంగతికి వస్తున్నాను. వెర్సాయ్‌కి దగ్గర్లో జుయీ అనే చిన్న ఊరుంది. 'తువాల్ ద జుయీ' అనే అద్దకపు బట్టకి పుట్టిల్లు. అక్కడి మ్యూజియంలో పాత గుడ్డల ముందు నిలబడ్డాక, నేను పారిస్ పక్కన ఉన్నానో పెడన పక్కన ఉన్నానో తెలీలేదు.

పదిహేడో శతాబ్దంలో మన కోరమండల్ తీరం నుంచి రంగు వెలవని పూల బట్టలు ఓడలెక్కి ఐరోపా వెళ్లాయి. ఫ్రెంచివాళ్లు 1669లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. ఉతికినా రంగు పోని నూలు గుడ్డ వాళ్లు అంతకుముందు ఎరగరు. ఆ బట్టకి 'ఎందియెన్' అని పేరు పెట్టుకున్నారు. అంటే 'ఇండియాది' అని. అక్కడి ఆడవాళ్లు ఎంత మోజు పడ్డారంటే, తమ పట్టూ ఉన్నీ అమ్ముడుపోవడం లేదని నేతగాళ్లు గోల పెట్టారు. చివరికి 1686లో పద్నాలుగో లూయీ ప్రభుత్వం వాటిని నిషేధించింది. దిగుమతీ కూడదు, అచ్చువేయడమూ కూడదు. కట్టుకుని వీధిలోకొస్తే జరిమానా, ఒక్కోసారి ఒంటి మీది బట్టే లాగేసేవారు. అయినా ఆడవాళ్లు మానలేదు సుమండీ! దొంగచాటుగా తెప్పించుకుని మరీ కట్టారు. 73 ఏళ్ల తర్వాత 1759లో నిషేధం ఎత్తేయక తప్పలేదు.

మరుసటేడే, 1760లో, ఓబెర్‌కాంఫ్ అనే జర్మన్ యువకుడు జుయీలో అద్దకం కర్మాగారం పెట్టాడు. పల్లె పక్కన ఏరు, గుడ్డలు ఆరేసుకోవడానికి పచ్చిక బయలు. మన పెడన కాలవ గట్టు కళ్లముందు మెదిలింది. బాగా నడిచిన రోజుల్లో 1,300 మంది దాకా పనిచేశారు. కుంచె పట్టుకుని సన్నటి రంగులు చేత్తో దిద్దే పని ఆడవాళ్లదే. ఆ కర్మాగారం 1843లో మూతపడింది.

మరి ఆ విద్య వాళ్లకెలా తెలిసింది? మన దగ్గరున్న ఫ్రెంచివాళ్లు అద్దకంవాళ్ల పక్కన కూచుని రాసుకున్నారు. వారిలో కెర్దూ అనే క్రైస్తవ ఫాదరీ ఒకరు. ఆయనకి తెలుగు బాగా వచ్చు. 1742లో రాసిన ఉత్తరంలో మనవాళ్లు గుడ్డని కరక్కాయతో, గేదెపాలతో ఎలా తడిపేదీ, పటిక ఎలా అద్దేదీ, చిరివేరుతో ఎరుపు ఎలా తెచ్చేదీ వరసగా చెప్పారు. మన అద్దకంవాళ్లు తరతరాలుగా నోటిమాటగా కాపాడుకున్న విద్య అలా సముద్రం దాటింది. రాసినాయన పేరు మిగిలింది. చెప్పినవాళ్ల పేర్లు మిగల్లేదు.

జుయీ డిజైన్లున్న కర్టెన్లు, కప్పులు ఇవాళ ప్రపంచమంతా దొరుకుతాయి. ఇక్కడ పెడనలో కలంకారీ కుటుంబాలు మాత్రం అదే డిజైన్‌ని మిషన్ మీద అచ్చువేసి సగం ధరకి అమ్మేవాళ్లతో పోటీ పడలేక నలుగుతున్నాయి. చీర కొనేటప్పుడు 'ఇది అచ్చు దిమ్మలతో అద్దిందా?' అని ఒక్క ప్రశ్న అడగండి. దిమ్మ అద్దకంలో డిజైన్ కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఆ తేడానే మనిషి చేయి.

మన బిందె మీద పేరు

మా అత్తవారిది బందరు దగ్గర పల్లెటూరు. పెంకుటిల్లు, మండువా, టేకు స్తంభాలు. అన్నదమ్ములు పంచుకుని, పడగొట్టి కట్టుకుందామన్న మాట రెండేళ్లుగా నడుస్తోంది. పాత తలుపులు కొనేవాళ్లు అప్పుడే రెండుసార్లొచ్చి బేరం ఆడి వెళ్లారు. ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది నా ఒక్కదాని చేతిలో లేదు. అయినా తిరిగొచ్చాక ఒక నోటుబుక్కు తీసుకుని వెళ్లాను. అత్తయ్యగారిని కూచోబెట్టి, భోషాణం దగ్గర్నుంచి కవ్వం దాకా ఒక్కొక్కటీ ఎవరు తెచ్చారో, ఏ పెళ్లికి వచ్చిందో అడిగి రాసుకున్నాను.

ఫ్రెంచి పిల్లలు దుప్పట్ల మీద అక్షరాలు కుట్టుకుంటే, మనవాళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నారు. ఒక ఇత్తడి బిందె మీద నేనెప్పుడూ వినని పేరుంది. "ఆవిడ మా అత్తగారి తోడికోడలమ్మా. కాపరానికొచ్చిన ఏడాదికే పురిట్లో పోయింది. ఫోటో కూడా లేదు. ఈ బిందె మీదే ఉంది" అన్నారు అత్తయ్యగారు. మొన్నటిదాకా దాన్ని పాత ఇత్తడి కింద తూకానికి వేసేద్దాం అనుకుంటున్న మా మరిది మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇల్లు సంగతి ఏమైనా, బిందె మాత్రం మా ఇంటికి వచ్చేసింది.

వెళ్లేవారికి నాలుగు మాటలు

* సెంతువెన్ బజారు శని, ఆది, సోమవారాల్లో ఉంటుంది. నాలుగో నంబరు మెట్రోలో చివరి స్టేషను క్లిన్యాంకూర్‌లో దిగాలి. వాంవ్ బజారు చిన్నది, శని ఆదివారాల్లో పొద్దున్నే వెళ్తే మంచిది.

* దక్షిణాన ప్రోవాన్స్‌లో లీల్ సుర్ లా సోర్గ్ అనే ఊరు పాత సామాన్లకు పేరు. ఆదివారం సంత చూడదగ్గది.

* దుకాణంలో అడుగుపెట్టగానే 'బోంజూర్' అనండి. పలకరించకుండా ధర అడిగితే అమర్యాదగా భావిస్తారు. ఆ తర్వాత నవ్వుతూ బేరమాడొచ్చు.

* పింగాణీ కొనేముందు బోర్లించి అడుగున ముద్ర చూడండి. వేలితో మీటితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే పగులున్నట్టే.

* ఏనుగు దంతం వస్తువుల జోలికి వెళ్లకండి. కస్టమ్స్‌లో చిక్కులొస్తాయి.

* సెప్టెంబరు మూడో శని ఆదివారాల్లో దేశమంతా చారిత్రక కట్టడాల పండగ. మామూలుగా మూసి ఉండే భవనాలు కూడా అప్పుడు తెరుస్తారు. జీవెర్నీ చలికాలంలో ఉండదు. మరమ్మతుల కోసం మ్యూజియాలు మూసేస్తుంటారు, కనుక ముందే కనుక్కుని వెళ్లండి.

* మన ఇళ్లలో నూరేళ్లు దాటిన విగ్రహాలు, కళాఖండాల్లాంటివి విదేశాలకు పంపడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం కుదరదు. విదేశాల్లో ఉన్న పిల్లలకి పంపేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.