బిడ్డకు పాలిచ్చు తీరు



బిడ్డకు పాలిచ్చుట యొకరు నేర్పవలసిన విద్యయా యని మీలో ననేకులు నవ్వవచ్చును. ఆవునకు నెవరు నేర్పిరి, మేకకు నెవరు నేర్పిరి యని మన పెద్దలడుగుచుందురు. ముగ్గురు బిడ్డలను పెంచి పెద్దచేసినదానను గనుక నేనును నట్లే తలంచియుంటిని. మా యింట జరిగిన యొక చిన్న సంగతి నా తలంపును మార్చినది.

మా చెల్లెలి కుమార్తె తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చినది. కాన్పు సుఖముగనే జరిగినది గాని, మూడవనాటికి చనుమొనలు పగిలి నెత్తురు చెమ్మగిల్లసాగెను. పాలకై బిడ్డ యేడ్చినప్పుడెల్ల తల్లియు నేడ్చెడిది. “మొదట నందఱకు నట్లే యుండునమ్మా, ఓర్చుకొనవలెను” అని నేనంటిని. “పాలు చాలుటలేదు, డబ్బా తెప్పింపుడు” అని మఱియొక రనిరి. ఐదవనాడు పాలడబ్బాయు, సీసాయు నింటికి వచ్చినవి.

ఆ సాయంకాలమే బిడ్డను జూచిపోవుటకు మా వీధిలోని నర్సమ్మ వచ్చినది. ఆమె సీసాను జూడలేదు, పుండ్లను జూడలేదు. మొదట తల్లి కూర్చున్న తీరును జూచినది. మా పిల్ల వీపున కాను డేదియు లేక మంచపు పట్టెమీద కూర్చుండి, విల్లువలె వంగి, రొమ్మును బిడ్డ నోటికి దింపుచుండెను. బిడ్డ యొడిలో వెల్లకిల బండుకొని, మెడమాత్రము ప్రక్కకు ద్రిప్పి, చనుమొన కొనను చీకుచుండెను. నర్సమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెప్పించి, “అమ్మా, గడ్డము భుజముమీదికి ద్రిప్పుకొని యొక గ్రుక్క త్రాగి చూడు” అనెను. మా పిల్ల త్రాగబోయి, మ్రింగుడు పడక నవ్వినది. ఐదు దినములలో నదియే మొదటి నవ్వు. “నీ బిడ్డయు నట్లే త్రాగుచున్నది తల్లీ” అని యామె బిడ్డను దన చేతులలోనికి దీసికొనెను.

ఆమె నాడు చెప్పిన దంతయు నొక్క మాటలో నిముడును: తల్లి బిడ్డయొద్దకు వంగరాదు, బిడ్డయే తల్లియొద్దకు రావలెను. కనుక మొదట తల్లి సుఖముగ నమరి కూర్చుండవలెను. గోడకు జేరగిలబడి, నడుమునకు దిండొకటి, మోచేతిక్రింద మఱియొకటి పెట్టుకొనవలెను. కుర్చీలో గూర్చుండినచో పాదములు నేల కానవలెను. అందనిచో పీట వేసికొనవచ్చును. భుజములు బిగియరాదు. తల్లి కుదురుగ గూర్చున్న పిమ్మటనే బిడ్డ నెత్తుకొనవలెను.

బిడ్డను బట్టుకొనుటలో నాలుగు సంగతులు గమనింపదగినవి. మొదటిది, బిడ్డ చెవి, భుజము, తుంటి యొక్క వరుసలో నుండవలెను, మెడ మెలిపడరాదు. రెండవది, బిడ్డ పొట్ట తల్లి పొట్టకు నెదురుగ నుండవలెను. మూడవది, ఇద్దఱి మధ్య సందు లేకుండ దగ్గఱగ హత్తుకొనవలెను. నాలుగవది, తలకేగాక వీపునకును, పిఱుదులకును గూడ నానుడు కావలెను. బిడ్డ తలను వెనుకనుండి రొమ్మువైపు నొక్కుట మనలో ననేకులు చేయు పొరపాటు. అట్లు నొక్కినచో బిడ్డ బెదరి వెనుకకు విఱుచుకొనును, ముక్కు నదిమినట్లగును. చేయి మెడక్రిందను, భుజములమీదను నుండవలెను.

తరువాత నోటి సంగతి. బిడ్డ ముక్కును చనుమొన కెదురుగ నుంచి, చనుమొనతో పైపెదవిని మెల్లగ తాకింపవలెను. అప్పుడు బిడ్డ యావులించినట్లు పెద్దగ నోరు తెఱచును. అంతవఱకు తాళి, తెఱచిన క్షణమున వెంటనే దగ్గఱకు దీసికొనవలెను. గడ్డము మొదట రొమ్మునకు దగులవలెను. చనుమొనయేగాక దాని చుట్టునుండు నల్లని వలయములో చాల భాగము, ముఖ్యముగ క్రిందివైపుది, నోటిలోనికి బోవలెను. ఏలనన, నోరు నిండుగ బట్టినప్పుడు చనుమొన బిడ్డ యంగిటిలోని మెత్తని భాగమువఱకు జేరును. కొనను మాత్రమే పట్టినచో నది ముందున్న గట్టి యంగిటికిని, నాలుకకును నడుమ నలిగి పగులును. పాలును సరిగ రావు. కడుపు నిండక బిడ్డ యేడ్చును, పాలు లేవని యింటివా రందురు. మా యింట జరిగినది సరిగ నిదియే.

సరిగ పట్టిన బిడ్డ గడ్డము రొమ్మున కానియుండును, క్రిందిపెదవి వెలుపలికి మడిగియుండును, బుగ్గలు గుంటలు పడక నిండుగ నుండును, చప్పుళ్లు చేయక నెమ్మదిగ చీకుచు నడుమ నడుమ గుటకలు వేయును. మొదట కొన్ని క్షణములు లాగినట్లుండవచ్చును గాని, నొప్పి యట్లే నిలిచియున్నచో నోర్చుకొనరాదు. శుభ్రమైన చిటికెనవ్రేలిని బిడ్డ నోటిమూలలో నుంచి పట్టు విడిపించి, మరల మొదటినుండి పట్టింపవలెను. ఒక పూటలో నైదాఱు మాఱులు చేయవలసివచ్చినను విసుగుకొనరాదు.

ఇక పట్టుకొను విధములు పెక్కు గలవు. మన యిండ్లలో నలవాటైనది ఒడిపట్టు. బిడ్డ తల తల్లి మోచేతి మడతలో నుండును. కొంత పెరిగిన బిడ్డ కిది సుఖము. అప్పుడే పుట్టిన బిడ్డకును, చిన్నదిగ పుట్టిన బిడ్డకును ఎదురుచేతి పట్టు మేలు. కుడిరొమ్ము నిచ్చునప్పుడు ఎడమచేతితో బిడ్డ నెత్తి, అరచేతిలో మెడయు భుజములు నిలుపుకొనవలెను. కుడిచేయి రొమ్మును దాచిపట్టుటకు మిగులును. మూడవది చంకపట్టు. బిడ్డ కాళ్లు తల్లి వీపువైపునకు బోవునట్లు ప్రక్కను దిండుపై నుంచి, చంక క్రిందనుండి ముందుకు దీసికొనుట యిది. కవలల తల్లికిని, రొమ్ములు బరువైన తల్లికిని నిది యనుకూలము. నాలుగవది, తల్లియు బిడ్డయు నొకరి కొకరు నెదురుగ ప్రక్కకు దిరిగి పండుకొనుట. ఐదవది, తల్లి దిండ్లమీద వెనుకకు వాలి, బిడ్డను తన ఱొమ్ముమీద బోర్ల బండుకొనబెట్టుకొనుట. బిడ్డ తానే వెదకికొని పట్టును. పాలు మిక్కిలి వేగముగ వచ్చు తల్లుల కిది యుపకరించును.

కడుపుకోసి బిడ్డను దీసిన తల్లుల మాట ప్రత్యేకముగ చెప్పవలెను. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్‌తో జరిగినవి. అనగా మన యాడుబిడ్డలలో ననేకులు కుట్లతోనే మొదటి పాలిచ్చుచున్నారు. వీరికి ఒడిపట్టు బాధ గలిగించును. బిడ్డ కాళ్లు కుట్లకు దగులును. చంకపట్టుగాని, ప్రక్కకు దిరిగి పండుకొనుటగాని వీరికి దగినది. మొదటి రెండుమూడు దినములు బిడ్డ నందించుటకును, దిండ్లు సర్దుటకును ఒకరు ప్రక్కనుండి తీరవలెను. శస్త్రచికిత్స జరిగినదని పాలు మానవలసిన పని లేదు.

పుట్టిన మొదటి గంటలోనే బిడ్డను రొమ్మున బెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చిక్కని పసుపు వన్నెగల ముఱ్ఱుపాలను పిండి పాఱబోయు నలవాటు కొన్ని యిండ్లలో నున్నది, అది మానవలెను. రోగములను దూరముచేయు శక్తి ఆ పాలలో మెండు. నోట తేనె రాయుట కేవల మపాయకరము. ఏడాది నిండనిదే బిడ్డకు తేనె యీయరాదు. ఆఱు నెలలు నిండువఱకు మంచినీళ్లును నక్కరలేదు. అటుపిమ్మట అన్నముతోపాటు రెండేండ్లును, ఆపైనను పాలీయవచ్చును.

పాలు చాలుచున్నవో లేదో యెట్లు తెలియును? ఏడుపునుబట్టి తెలియదు. క్రొత్తబిడ్డ రేయింబవళ్లలో ఎనిమిదినుండి పండ్రెండుమాఱులు పాలు కుడుచును. ఐదవ దినము దాటిన పిమ్మట రోజునకు ఆఱు గుడ్డలైన తడుపును. మొదట కొంత తగ్గిన బరువును రెండువారములలోపల మరల పొందును. ఇట్లు జరుగుచున్నచో దిగులు వలదు. గుడ్డలు తడుపుట తగ్గినను, బిడ్డ మగతగ నుండి పాలు పట్టకున్నను, తల్లికి జ్వరము వచ్చి రొమ్ము గట్టిపడి యెఱ్ఱనైనను, వెంటనే వైద్యుని జూడవలెను. కొందఱు తల్లులకు వైద్యుల సలహామీద పోతపాలు నిజముగ నవసరమగును. వారిని మాటలతో నొప్పింపరాదు. మఱియొక జాగ్రత్త: పాలిచ్చుచు సోఫాలోగాని, పడకకుర్చీలోగాని నిద్రపోరాదు. బిడ్డ సందులో నొదిగి యూపిరాడక పోవు ప్రమాదము గలదు.

కడపట పెద్దవారలకు నొక మనవి. మా పిల్ల యట్లు వంగి కూర్చుండుటకు తెలియమి యొక్కటియే కారణము గాదు. బిడ్డను జూడవచ్చిన చుట్టములతో గది నిండియుండెను. ఆమె గోడమూలకు దిరిగి, పైట కప్పుకొని, సిగ్గుతో నొదిగి కూర్చుండెడిది. పైటక్రింద బిడ్డ నోరు తల్లికే కనబడకున్న నెట్లు సరిదిద్దుకొనగలదు? బాలెంతకు మనము పెట్టవలసినది పథ్యపు కూడు మాత్రమే కాదు. కొంచెము చోటు, రెండు దిండ్లు, ప్రక్కన చెంబెడు నీళ్లు, తలుపు దగ్గఱకు వేసిన గది యొకటి గూడ నీయవలెను. చుట్టములను వసారాలో గూర్చుండబెట్టుట పెద్దల పని. దిండ్లు సర్దుటయు, త్రేన్పు వచ్చువఱకు బిడ్డను భుజమున వేసికొనుటయు భర్త చేయదగిన పనులు.

నర్సమ్మ నాడు చంకపట్టుతో బిడ్డను బెట్టి వెడలినది. నొప్పి యా రాత్రికే సగము తగ్గెను. పగుళ్లు మానుటకు వారము పట్టినది. పాలడబ్బా మూత తీయకుండగనే బీరువాలో నుండిపోయినది. అది కనబడినప్పుడెల్ల నాకు నా మాటయే జ్ఞాపకమునకు వచ్చును. ఓర్చుకొమ్మని చెప్పుట మన కలవాటు. బిడ్డ నెట్లు పట్టుకొన్నావమ్మా యని యడుగుట యిప్పటికైన నలవాటు చేసికొందము.