తిరువూరు బంగినపల్లి ఎన్ని క్వింటాళ్లు?

ఒక మామిడి వ్యాపారి ఎక్సెల్‌లో రెండు పట్టికలు పెట్టుకున్నారనుకుందాం. మొదటిది రైతుల పట్టిక: 1, 3 నంబర్ల రైతులది తిరువూరు మండలం, 2వ నంబరు రైతుది విస్సన్నపేట. రెండోది కాటా చీటీల పట్టిక. బంగినపల్లి 1వ రైతు 12 క్వింటాళ్లు తెచ్చారు, 2వ రైతు 10, 3వ రైతు 9. కలెక్టరు కాయ 3వ రైతు 14, 1వ రైతు 5. మొత్తం 50 క్వింటాళ్లు. ఇందులో తిరువూరు మండలం బంగినపల్లి ఎంత?

చేత్తో కూడితే 12, 9 కలిసి 21. కంప్యూటరుకు మాత్రం చిక్కొకటి ఉంది: బరువు ఒక పట్టికలో ఉంది, మండలం ఇంకో పట్టికలో ఉంది. రెంటినీ కలిపేది రైతు నంబరు ఒక్కటే.

ప్రతి చీటీలోనూ మండలం పేరు టైపు చేస్తే సరిపోదా? ఐదు చీటీలైతే సరిపోతుంది. వేల చీటీలున్నప్పుడు ఒకచోట ‘తిరువూరు’, మరోచోట ‘తిరువూర్’ అని పడితే కంప్యూటరు వాటిని రెండు ఊళ్లుగా లెక్కేస్తుంది. పేరు ఒకే చోట ఉండటం మేలు.

మొదటి దారి: చీటీల పట్టికలో ‘మండలం’ అనే కొత్త నిలువు వరస పెట్టండి. ఎక్స్‌లుకప్ సూత్రం రైతు నంబరు వెతికి మండలాన్ని అందులో తెచ్చిపెడుతుంది. పాత ఎక్సెల్‌లో వీలుకప్ వాడాలి. తర్వాత సమ్‌ఇఫ్స్, అంటే పెట్టిన షరతులన్నీ కుదిరిన వరుసలనే కూడే సూత్రం, 21 చూపిస్తుంది. సమ్‌ఇఫ్స్ ఎక్సెల్ 2007 నుంచీ ఉంది.

రెండో దారి: చీటీలు వేలల్లో ఉంటే, 2013 నుంచి ఎక్సెల్‌లో ఉన్న డేటా మోడల్‌లో రెండు పట్టికలకూ రైతు నంబరుతో సంబంధం కలపండి. కొత్త వరస అక్కర్లేదు. పివట్ టేబుల్‌లో, అంటే మొత్తాలు కూడి చూపే పట్టికలో, మండలం ఒక పట్టిక నుంచి, బరువు మరో పట్టిక నుంచి తీసుకోవచ్చు.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. రైతుల పట్టికలో 1వ నంబరు పొరపాటున రెండుసార్లు పడిందనుకోండి. పై రెండు దారులూ కాక, రెండు పట్టికలనూ మెర్జ్ చేస్తే, అంటే ఒకే పట్టికగా అతికిస్తే, ఆయన చీటీలన్నీ రెట్టింపవుతాయి. 21 కాస్తా 33 అవుతుంది. ఎక్కువ పడిన 12 క్వింటాళ్లంటే 1,200 కిలోలు. కిలో 20 రూపాయలనుకున్నా 24,000 రూపాయల తేడా.

దీన్ని పట్టుకోవడం తేలిక. అన్ని మండలాల, అన్ని రకాల బరువులూ కలిపితే కాటా మొత్తం రావాలి. పై తప్పు జరిగితే 50కి బదులు 67 వస్తుంది. రైతుకు డబ్బు లెక్క కట్టే ముందు ఈ రెండు మొత్తాలూ సరిపోయాయో లేదో చూడండి.